గోరువెచ్చని నీళ్లు ఎందుకు మండుతాయి?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రోజంతా ముచ్చికలు తీసిన ఆడవాళ్లని అడగండి. సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో చెయ్యి పెడితే సలసల కాగే నీళ్లలో పెట్టినట్టే ఉంటుంది. పక్కింటామె అదే బకెట్లో చెయ్యి ముంచి "చల్లగానే ఉన్నాయి కదే" అంటుంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. నీళ్లు అవే, మారింది చేతిలోని నరాలు.

ఏళ్ల తరబడి నడుం నొప్పితో తిరిగేవాళ్లతో డాక్టరు "స్కానింగ్‌లో పెద్దగా ఏమీ లేదు, ఒకసారి సైకాలజిస్టుని కలవండి" అంటే ఒళ్లు మండిపోతుంది. "నాది నటన అంటారా? నాకేమన్నా పిచ్చా?" అని ఫైలు చంకన పెట్టుకుని గుంటూరు నుంచి విజయవాడకి, విజయవాడ నుంచి హైదరాబాదుకి పోయి ఇంకో ఎంఆర్ఐ తీయించుకునేవాళ్లకి కొదవ లేదు. వాళ్ల కోపానికి జవాబు ఆ బకెట్లోనే ఉంది.

మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది చర్మాన్ని కాల్చదు. నొప్పిని మోసే నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే చిన్న తలుపు ఉంటుంది. మామూలుగా 43 డిగ్రీల వేడి తగిలితే అది తెరుచుకుని "కాలుతోంది" అని కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ అంటుకుంటే ఆ గీత కిందకి జారిపోయి, ఒంట్లో ఉండే 37 డిగ్రీలే తలుపు తెరవడానికి చాలిపోతుంది. 1997లో డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్త బృందం ఈ తలుపుని పట్టుకుంది. 2021లో ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. మిరపకి పేరుపడ్డ జిల్లాలో ఈ పాఠాన్ని బళ్లో చెప్పకపోవడం అన్యాయం. దాని బదులు కాలికి ముల్లు, మెదడుకి తీగ, అంతే నొప్పి అన్న బొమ్మ చూపిస్తాం. ఆ బొమ్మ మనసులో పడితే, నొప్పి ఎంత ఉంటే దెబ్బ అంత ఉన్నట్టేనన్న లెక్క జీవితాంతం వదలదు.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. ప్రయోగశాలల్లో ముంజేతి చర్మంలోకి 100 మైక్రోగ్రాముల క్యాప్సైసిన్ ఎక్కిస్తారు. గుచ్చినచోట మండుతుంది, అందులో వింత లేదు. కానీ కాసేపట్లో దాని చుట్టూ కొన్ని సెంటీమీటర్ల మేర దూదితో రాసినా నొప్పే. మందు అక్కడిదాకా పాకలేదు. ఆ చర్మానికి ఏమీ కాలేదు. మారింది వెన్నుపాము. ఎడతెగని కబుర్లు వచ్చిపడేసరికి అక్కడి నరకణాలు తమ సౌండు తామే పెంచేసుకున్నాయి. మామూలు స్పర్శ కూడా ఇప్పుడు నొప్పిగా వినపడుతోంది. ఈ సంగతిని క్లిఫర్డ్ వూల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లో ఎలుకల్లో చూపించాడు. ప్రయోగంలో అది గంటల్లో సద్దుమణుగుతుంది. మూడు నెలలు దాటిన మొండి నొప్పుల్లో చాలావాటికి, పాత గాయం మానినా, ఈ సౌండు తగ్గకపోవడం ఒక పెద్ద కారణం.

ఆ సౌండు బటన్ మీద మెదడు చెయ్యి కూడా ఉంటుంది. వెన్నుపాములో నొప్పికి గేటు ఉందనీ, పైనుంచి మెదడు దాన్ని మూయగలదు, తెరవగలదనీ మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు 1965లోనే అన్నారు. వివరాల్లో సవరణలు వచ్చాయి గానీ అసలు మాట నిలిచింది. మెదడు కాండం నుంచి దిగే దారులు కొన్ని నొప్పిని అణుస్తాయి, కొన్ని ఎగదోస్తాయి. "ఇక్కడ ప్రమాదం ఉంది" అని మెదడు నమ్మితే ఎగదోసేవాటిది పైచేయి అవుతుంది. భయం, నిద్రలేమి, కోపం, ఒంటరితనం అన్నీ ఆ నమ్మకానికే ఆజ్యం.

టొరంటోలో జరిగి 2014లో వెలువడిన ఒక ప్రయోగం నాకు మహా ఇష్టం. ఆరోగ్యవంతుల ముంజేతికి కొన్ని రోజుల పాటు వేడి తగిలించారు. కొందరికి నొప్పి గురించి వచ్చే ఆలోచనల్ని గమనించి మార్చుకోవడం కాస్త నేర్పారు. మిగతావాళ్లకి నేర్పింది నొప్పితో సంబంధం లేని విషయం. మొదటి బృందంలో, వేడి తగలనిచోట పుట్టే ఆ "చుట్టుపక్కల నొప్పి" తగ్గింది. మాటలతో నేర్పింది వెన్నుపాము దాకా దిగిందన్నమాట. కౌన్సెలింగ్‌ని ఓదార్పు అనుకునేవాళ్లు ఈ ఒక్క ఫలితం దగ్గర కాసేపు ఆగాలి.

ఇక సైకాలజిస్టు దగ్గర జరిగే అసలు పని, అంటే నొప్పి చుట్టూ ఉన్న ఆలోచనల్ని, ప్రవర్తనని మార్చే చికిత్స. నెమ్మదిగా, వారానికోసారి, ఎనిమిది నుంచి పన్నెండుసార్లు కూర్చోవాలి. మొదట డైరీ: ఏ టైము, ఏం చేస్తున్నారు, నొప్పి పదికి ఎంత, ఆ క్షణాన మనసులో ఏ మాట మెదిలింది, తర్వాత ఏం చేశారు. మన దగ్గర తరచూ దొరికే మాటలు "నరం నలిగిపోయింది", "డిస్కు జారింది, వంగితే పక్షవాతమే". ఈ మాటల్ని కొట్టిపారేయరు, పరీక్షకి పెడతారు. నొప్పే లేని మనుషుల వెన్ను స్కాన్లని 2015లో కలిపి చూస్తే, డిస్కు ఉబ్బు 20 ఏళ్లవాళ్లలో 30 శాతానికీ, 80 ఏళ్లవాళ్లలో 84 శాతానికీ ఉంది. జుట్టు నెరిసినట్టే ఇదీనూ. రిపోర్టులో ఆ మాట కనపడగానే సొంత నడుముని గాజుబొమ్మలా చూసుకోవడం మొదలవుతుంది, అసలు చిక్కు అక్కడ.

దిష్టి తీసేటప్పుడు ఎండుమిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తారు కదా. ఘాటు వస్తే దిష్టి లేదంటారు, రాకపోతే గట్టి దిష్టి అంటారు. ఎంఆర్ఐని కూడా మనం అలాగే వాడుతున్నాం. ఏదో కనపడితే "అదిగో, అందుకే", కనపడకపోతే "మిషను మంచిది కాదు".

ఎక్కువమంది తప్పేది పని మోతాదు దగ్గర. నొప్పి తక్కువున్న రోజు సంక్రాంతి బూజులన్నీ దులిపేస్తారు, తర్వాత మూడు రోజులు మంచం దిగరు. దాంతో మెదడుకి అందే పాఠం "పని చేస్తే ప్రమాదం". దీన్ని విడగొట్టే పద్ధతి 1970ల్లో ఫోర్డైస్ అనే సైకాలజిస్టు వేసిన దారి: పనిని నొప్పి కాదు, గడియారం ఆపాలి. మూడు రోజులు నడిచి, నొప్పి పెరిగేదాకా ఎన్ని నిమిషాలో రాసుకోండి. 10, 14, 12 వచ్చాయనుకుందాం. సగటు 12. అందులో 80 శాతం, అంటే సుమారు 10 నిమిషాలతో మొదలు. ప్రకాశం బ్యారేజీ మీద గాలి బాగుందని పదో నిమిషం దాటకూడదు. నొప్పిగా ఉందని మానేయకూడదు కూడా. రెండు మూడు రోజులకి ఒక నిమిషం పెంచాలి. రెండో వారంలో "బానే ఉంది కదా" అని ఒక్కసారిగా అరగంట నడిచేయడంతోనే సగం ప్రయత్నాలు పాడవుతాయి.

భయపడి మానేసిన పనులకి నిచ్చెన కడతారు. బిందె ఎత్తడమంటే భయమా? మొదట వంగి ఖాళీ బిందెని ముట్టుకోవడం, తర్వాత ఎత్తడం, ఆపై పావు బిందె నీళ్లు, సగం. ప్రతి మెట్టుకీ ముందు "ఏమవుతుందనుకుంటున్నారు" అని రాయించి, తర్వాత ఏమైందో పక్కనే రాయిస్తారు. చంటివాడికి ఆవకాయ అలవాటు చేసినట్టే: మొదట ముక్క కడిగి, తర్వాత నూనె వేలికి రాసి నాకించి, ఆపై ముద్దలో కాస్త. పోలిక ఇక్కడ కొంచెం తెగుతుంది. క్యాప్సైసిన్ మళ్లీ మళ్లీ తగిలితే నరం కొసే మొద్దుబారుతుంది, 8 శాతం క్యాప్సైసిన్ పట్టీలు పనిచేసేది అలాగే. బిందె నిచ్చెనలో మొద్దుబారేది ఏదీ లేదు, మెదడు తన లెక్క దిద్దుకుంటుంది. బెల్టు కట్టుకుని, గోడ పట్టుకుని, ఊపిరి బిగపట్టి చేస్తే ఆ దిద్దుబాటు జరగదు. "బెల్టుంది కాబట్టి బతికాను" అనుకుంటుంది.

ఇంట్లోవాళ్లని కూడా ఒకసారి కూర్చోబెట్టాలి. "అమ్మా, నువ్వు కదలకు, మేం చూసుకుంటాం" అనేది ప్రేమే. మూలిగితే కాఫీ, లేచి తిరిగితే పలకరింపు లేదు అన్నట్టు సాగితే మాత్రం మంచమే గెలుస్తుంది.

ఎంత ఫలితం ఆశించాలి? వైద్య ప్రయోగాల ఫలితాలని కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష 75 ప్రయోగాలని, 9,400 మందిని కలిపి చూసింది. ఆలోచనల్ని, ప్రవర్తనని మార్చే చికిత్సతో నొప్పి, ఇబ్బంది, దిగులు సగటున కొద్దిగానే తగ్గాయి. నొప్పి పూర్తిగా పోతుందని ముందే మాటిచ్చే కౌన్సెలరు దగ్గర జాగ్రత్తగా ఉండండి. వాడుతున్న నొప్పి మాత్రల్ని ఒక్కసారిగా ఆపేయకండి. కాళ్ల మధ్య తిమ్మిరి, మూత్రం పట్టుతప్పడం, కాలు బలం తగ్గడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే కౌన్సెలింగ్ కాదు, ముందు ఆస్పత్రి. క్లినికల్ సైకాలజిస్టుని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు అడగడం తప్పేమీ కాదు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఆఖరి సెషన్లలో ఒక కాగితం రాయించుకోండి, ఫ్రిజ్ మీద అంటించడానికి. నొప్పి మళ్లీ ఎగిసే రోజు తప్పకుండా వస్తుంది, ఆ రోజు కొత్తగా ఆలోచించే ఓపిక ఉండదు. నడక పదిహేను నిమిషాల నుంచి పదికి తగ్గించు, సున్నా చేయకు. నిమిషానికి ఆరు ఊపిర్ల చొప్పున పది నిమిషాలు, వదిలేటప్పుడు ఎక్కువసేపు. పగలు పడుకోవద్దు, లేచే టైము మార్చొద్దు. స్కానింగ్ సెంటరుకి ఫోన్ చేసే ముందు మూడు రోజులు ఆగు.