సిగార్ల పెట్టె, తెరమీది అంకె, నోటి మాట: కొన్ని అపోహలు - వాస్తవాలు

సిగార్లను నిల్వ చేయడం, అవి పాడవకుండా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి కాపాడడం నా వృత్తి. ఈ అభిరుచి ఉన్నవారు నలుగురు ఒకచోట చేరితే మాట పొగాకు దగ్గర మొదలై, కొత్తగా వచ్చిన పరికరం మీదికో ఎక్కడో చదివిన వింత వార్త మీదికో మళ్లుతుంది. ఈ అలవాటుకు పాత చరిత్రే ఉంది. 1865లో హవానాలోని ఎల్ ఫిగారో కర్మాగారంలో, సిగార్లు చుట్టే పనివారికి పత్రికలూ పుస్తకాలూ గట్టిగా చదివి వినిపించే ఏర్పాటు మొదలైంది. చదివే మనిషికి పనివారే తమ కూలిలోంచి చందాలు వేసుకుని జీతం ఇచ్చుకున్నారు. అందుకే ఈ కబుర్లను నేను చిన్నచూపు చూడను. కానీ వాటిలో చెలామణీ అయ్యే కొన్ని నమ్మకాల వల్ల మంచి ఆకు పాడవుతోంది, కొన్నింటి వల్ల మనిషి ఆరోగ్యమే దెబ్బతింటోంది. ముఖ్యంగా, తెరమీద అంకె కనిపిస్తే అదే నిజమని నమ్మేసే ధోరణి పెరుగుతున్నందువల్ల ఇది రాస్తున్నాను.

అపోహ: ఫోన్‌లో యాప్ వేసుకుని, సిగార్లను తగిన తేమలో ఉంచే పెట్టెలో పెడితే లోపలి తేమ తెలుస్తుంది.

వాస్తవం: చాలా ఫోన్లలో తేమను కొలిచే సెన్సారే లేదు. 2013లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్4 వంటి కొద్ది నమూనాలలో మాత్రమే దాన్ని అమర్చారు. సెన్సారు లేని ఫోన్‌లో యాప్ చూపించేది మీరున్న ప్రాంతపు వాతావరణ సమాచారం నుంచి తీసుకున్న అంకె, అంటే ఆరుబయటి తేమ. పెట్టె మూత తీసినా వేసినా, ఫోన్‌ను లోపల పెట్టినా బయట పెట్టినా ఆ అంకె మారకపోవడమే ఇందుకు రుజువు.

అపోహ: తేమను కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ కొన్నాక ఇక సందేహించాల్సిన పని లేదు.

వాస్తవం: డిజిటల్ హైగ్రోమీటర్‌లో ఉండేది ఒక పలుచని పాలిమర్ పొర. అది గాలిలోని తేమను పీల్చుకున్నప్పుడు దాని విద్యుత్ ధర్మం మారుతుంది, ఆ మార్పునే పరికరం శాతంగా లెక్కగట్టి చూపిస్తుంది. కొత్తదానికే రెండు మూడు శాతం తేడా ఉండడం మామూలు, కాలం గడిచేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. సిగార్ల విషయంలో 65కీ 72కీ మధ్య తేడా చిన్నదేమీ కాదు. ఒకచోట ఆకు హాయిగా కాలుతుంది, రెండోచోట పదేపదే ఆరిపోతూ, పీల్చడానికి బిగుసుకుపోయి ఉంటుంది.

పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, అది తడిసి ముద్ద అయ్యేంతవరకు మాత్రమే నీటి చుక్కలు వేయాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు, పైన నీరు తేలకూడదు. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను ఒకదానికొకటి తగలకుండా గాలి చొరబడని సంచిలో పెట్టి, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే చోట ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా వదిలేయాలి. ఉప్పు ఇంకా మిగిలి ఉన్న చిక్కటి ద్రావణం పైన గాలిలో తేమ మామూలు గది ఉష్ణోగ్రత వద్ద దాదాపు 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఇది పరికరం చెప్పే మాట కాదు, ఉప్పుకీ నీటికీ ఉన్న సహజ గుణం. సంచిని తెరవకుండానే అంకె చూడండి. అది 71 అని చూపిస్తే, ఆ పరికరం ఆ స్థాయిలో నాలుగు తక్కువ చెబుతోందని అర్థం, ఇకముందు ఆ నాలుగు కలుపుకుని చదవాలి. ఎంత ఖరీదైన పరికరమైనా, ఏ పేరున్న సంస్థ తయారుచేసినదైనా, ఈ పరీక్ష ఒక్కసారైనా చేయని హైగ్రోమీటర్‌ను నేను నమ్మను. పెట్టెలో ఉంచే బోవెడా వంటి తేమ సంచులు పనిచేసేది కూడా ఇదే సూత్రం మీద. ఏ లవణం వాడితే ఆ లవణానికి తగిన తేమ దగ్గర అవి గాలిని నిలబెడతాయి.

అపోహ: బ్లూటూత్ సెన్సారు హెచ్చరిక మోగిందంటే సిగార్లు ఎండిపోతున్నట్టే.

వాస్తవం: ఈ హెచ్చరికల పేరుతో అనవసరంగా ఆందోళనపడి, వెంటనే పెట్టెలో నీళ్లు చేర్చి, ఆకును ఉబ్బించి పగలగొట్టుకునేవారిని తరచూ చూస్తుంటాను. ఒక్క లెక్క వేసుకుంటే ఆ భయం తీరుతుంది. 21 డిగ్రీల సెల్సియస్ వద్ద 70 శాతం తేమ ఉన్నప్పుడు, 10 లీటర్ల పెట్టెలోని మొత్తం గాలిలో ఉండే నీరు సుమారు 0.13 గ్రాములు మాత్రమే. అదే పెట్టెలో ఒక్కొక్కటి 10 గ్రాముల బరువున్న సిగార్లు 50 ఉన్నాయనుకోండి. సరిగ్గా నిల్వ ఉన్న ఆకు బరువులో పది శాతానికి పైగా నీరే కాబట్టి, వాటిలో దాగి ఉన్న నీరు 50 గ్రాములకు తగ్గదు. మూత తీస్తే బయటికి పోయేది ఆ 0.13 గ్రాములలో కొంత భాగం. సెన్సారు కొలిచేది గాలిని కనుక వెంటనే కంగారుపడుతుంది, ఆకుకు మాత్రం ఆ సంగతి తెలియనే తెలియదు. మూత వేసిన కాసేపటికి సిగార్లూ పెట్టె లోపలి చెక్కా తమ దగ్గరున్న తేమలో రవ్వంత ఇచ్చి గాలిని మళ్లీ పాత స్థితికి తెస్తాయి.

ఇదే కారణం చేత ఖాళీ పెట్టెలో అంకెలు ఊగిసలాడతాయి. 24 డిగ్రీల వద్ద 70 శాతం తేమతో మూసిన ఖాళీ డబ్బాను 20 డిగ్రీలకు చల్లబరిస్తే లోపలి తేమ 88 శాతం దాకా ఎగబాకుతుంది. నిండా సిగార్లున్న పెట్టెలో అలా జరగదు, ఎందుకంటే పెరిగిన తేమను ఆకు పీల్చుకుంటుంది. కాబట్టి నిమిషానికొకసారి అంకె చూసుకోవడం కంటే వారం సగటు చూసుకోవడం మేలు. సెన్సారు వల్ల నిజమైన ప్రయోజనం కూడా అక్కడే ఉంది. వారాల తరబడి గీత మెల్లగా కిందికి జారుతుంటే పెట్టె మూత సరిగ్గా పట్టడం లేదని ముందుగానే తెలుసుకోవచ్చు, ఇది కంటితో చూసి కనిపెట్టగలిగేది కాదు.

అపోహ: 70 డిగ్రీల ఫారెన్‌హీట్, 70 శాతం తేమ అన్నది మార్చరాని నియమం. గది వేడెక్కితే తేమను లెక్కగట్టి తగ్గించాలి.

వాస్తవం: ఆ జంట అంకెలు గుర్తుపెట్టుకోవడానికి తేలిక, అంతే. అనుభవమున్న చాలామంది 62 నుంచి 69 శాతం మధ్య నిల్వ చేస్తారు, నేనూ ఆ పక్షమే. ఆకులో ఎంత నీరు నిలుస్తుందన్నది ప్రధానంగా సాపేక్ష ఆర్ద్రత, అంటే మనం చెప్పుకుంటున్న తేమ శాతం మీద ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత ప్రభావం స్వల్పం, అది కూడా వేడి పెరిగితే ఆకులో నీరు కాస్త తగ్గే దిశలోనే ఉంటుంది. అందువల్ల వేడికి తగ్గట్టు తేమ శాతాన్ని తగ్గించే పట్టికలు ఆకును మరింత ఎండబెడతాయి. వేడితో వచ్చే అసలు ప్రమాదం పురుగు.

ఆ పురుగు శాస్త్రీయ నామం లాసియోడెర్మా సెరికోర్నే. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమరంగు కీటకం అది. దాని గుడ్లు ఆకులోనే ఉండి, వాతావరణం వెచ్చబడినప్పుడు పొదుగుతాయి, పిల్ల పురుగులు లోపలి నుంచి తొలుచుకుంటూ సూదితో పొడిచినట్టుండే రంధ్రాలు చేస్తాయి. పెట్టె లోపలి సెడ్రెలా చెక్క వాసనకు పురుగులు చస్తాయన్న నమ్మకం మీద ఆధారపడవద్దు. రంధ్రాలు కనిపిస్తే సిగార్లను గాలి చొరబడని సంచుల్లో మూసి, ఒకరోజు ఫ్రిజ్‌లో, తర్వాత మూడు రోజులకు తగ్గకుండా మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి, పూర్తిగా గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకు సంచి విప్పకూడదు. తొందరపడి విప్పితే చల్లటి ఆకు మీద నీటి చెమ్మ పట్టి పగుళ్లిస్తుంది.

అపోహ: సిగార్ బయట చుట్టిన పై ఆకు మీది తెల్లటి పొడి బాగా పండిన సిగార్‌కు గుర్తు.

వాస్తవం: అది దాదాపు ఎప్పుడూ బూజే. తుడిస్తే పోయింది కనుక బూజు కాదనే వాదన చెల్లదు, బూజు కూడా తుడిస్తే పోతుంది.

అపోహ: ముదురు రంగు సిగార్ ఘాటుగా ఉంటుంది.

వాస్తవం: రంగు చాలావరకు ఆకును పులియబెట్టిన తీరును బట్టి వస్తుంది. ఘాటు నికోటిన్‌ను బట్టి వస్తుంది, అది మొక్క పైభాగపు ఆకుల్లో ఎక్కువ. లేత రంగు పై ఆకు లోపల ఆ పైకొమ్మల ఆకులు చుట్టి ఉంటే తల తిరగడానికి రెండు మూడు దమ్ములు చాలు.

అపోహ: పొగ ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు కాబట్టి సిగార్ వల్ల హాని లేదు.

వాస్తవం: నా జీవనాధారమే ఇది అయినా, ఈ మాట విన్న ప్రతిసారీ ఖండిస్తాను. సిగార్ పొగ సిగరెట్ పొగ కంటే క్షార స్వభావం కలది, అందువల్ల నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. సిగరెట్‌లో పొగాకు ఒక గ్రాము లోపే, పెద్ద సిగార్‌లో 5 నుంచి 20 గ్రాముల దాకా ఉంటుంది. నోరు, గొంతు, అన్నవాహిక, స్వరపేటిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో సిగార్‌కు ఉన్న సంబంధాన్ని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లోనే ప్రత్యేక గ్రంథంగా ప్రచురించింది. సిగార్‌ను ఎంచుకునే వ్యక్తి ఈ సంగతి తెలిసి ఎంచుకోవాలి, తెలియకుండా కాదు.

ఇక వింత వార్తలు. క్యూబా నేత కాస్ట్రోను అమెరికా గూఢచారులు పేలే సిగార్‌తో చంపబోయారన్న కథ ఎంతో ప్రసిద్ధం. 1975లో అమెరికా సెనేట్ కమిటీ వెలువరించిన నివేదికలో ఉన్నది మందుగుండు కాదు, బొటులినమ్ విషం. 1960లో ఆయనకిష్టమైన ఒక పెట్టెడు సిగార్లకు ఆ విషం పూశారని, 1961 ఫిబ్రవరిలో వాటిని పేరు తెలియని ఒక వ్యక్తికి అందజేశారని అందులో ఉంది. క్యూబా మీద ఆంక్షల ఉత్తర్వు మీద 1962 ఫిబ్రవరిలో సంతకం చేసే ముందు అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ 1,200 క్యూబన్ సిగార్లు తెప్పించుకున్నారన్నది మాత్రం ఊరికే పుట్టిన కథ కాదు, ఆయన పత్రికా కార్యదర్శి పియెర్ సాలింజర్ స్వయంగా చెప్పినది. అయితే ఆయన దాన్ని బయటపెట్టింది ముప్పై ఏళ్ల తర్వాత, సాక్షీ ఆయన ఒక్కరే. దాన్ని చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చేర్చాలి. 'ఒక్కోసారి సిగార్ అంటే కేవలం సిగారే' అన్న మాట మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ అన్నట్టు ఆయన రచనల్లో ఎక్కడా ఆధారం లేదు.

విమానాశ్రయంలో ఎక్స్‌రే యంత్రం గుండా వెళితే సిగార్ల రుచి చెడుతుందని కొందరు, అందులోని పురుగు గుడ్లు చస్తాయని మరికొందరు అంటారు. రెండూ నిజం కావు. పురుగును నిర్వీర్యం చేయడానికి కావలసిన వికిరణంతో పోలిస్తే సామాను తనిఖీలో పడేది లక్షల రెట్లు తక్కువ.

చివరగా నకిలీల విషయం. పెట్టె మీది బార్‌కోడ్‌ను క్యూబన్ సిగార్ల సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకుంటే చాలని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ తనిఖీ చెప్పేది అలాంటి సంఖ్య ఒకటి ఉందని మాత్రమే; అసలు పెట్టె మీది సంఖ్యను నకిలీ పెట్టె మీద అచ్చు వేయడం కష్టమేమీ కాదు, ఖాళీ అయిన అసలు పెట్టెలో వేరే సిగార్లు నింపడం అంతకంటే సులువు. అద్దం మూత ఉన్న కొహీబా అనే క్యూబన్ బ్రాండ్ పెట్టె అయితే సంఖ్య చూడనవసరమే లేదు, అలాంటి పెట్టెను ఆ సంస్థ తయారుచేయదు. మిగిలినవాటి విషయంలో పెట్టె తెరిపించి, వరుసలోని సిగార్లన్నీ ఒకే ఛాయలో, ఒకే పొడవులో, పట్టీలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసి, ఒక సిగార్ కొసను పట్టి చూడండి. మంచి కర్మాగారంలో ఆకులను మడతలు పెట్టి పొడవునా పేరుస్తారు, నకిలీల్లో తరచుగా దొరికేది తురుము.