మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సబ్‌ప్లాట్లు: అపోహలు - వాస్తవాలు

మ్యాట్‌ప్లాట్‌లిబ్ అంటే పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ; ఒకే బొమ్మలో (ఫిగర్‌లో) గడులుగా పక్కపక్కన పెట్టే గ్రాఫులే సబ్‌ప్లాట్లు. గ్రాఫులన్నీ గీసేశాక తీరిగ్గా సర్దుకోవచ్చనుకుని చాలామంది వీటితో తిప్పలు పడతారు. అసలు సంగతులన్నీ ఫిగర్ తయారుచేసే మొదటి లైన్లోనే తేలిపోవాలి.

అపోహ: ఫిగర్‌నీ గడులనూ తయారుచేసే సబ్‌ప్లాట్స్ ఫంక్షన్ ఎప్పుడూ గడుల అర్రేనే (వరుసల్లో పేర్చిన జాబితానే) ఇస్తుంది.

వాస్తవం: రెండు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు అడిగితే రెండు డైమెన్షన్ల అర్రే వస్తుంది. ఒకే వరుస అడిగితే ఒక డైమెన్షనే. ఒక్క గడే అడిగితే అసలు అర్రే ఉండదు, ఆ గడే నేరుగా చేతికొస్తుంది. గడుల సంఖ్య డేటాను బట్టి మారే కోడ్‌లో ఇది కొంప ముంచుతుంది. ఆరు కాలమ్‌లతో చక్కగా నడిచిన లూప్, ఒక్క కాలమ్ ఉన్న ఫైల్ రాగానే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఫంక్షన్‌లోని స్క్వీజ్ అనే ఆప్షన్‌కి ఫాల్స్ ఇస్తే ఎన్ని గడులున్నా రెండు డైమెన్షన్లే వస్తాయి. డిఫాల్ట్‌గానే అలా ఉండాల్సిందని నా అభిప్రాయం.

అపోహ: అక్షరాలు ఇరుక్కుంటే డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెంచాలి.

వాస్తవం: దీన్ని నమ్మేవాళ్లే ఎక్కువ. ఫిగర్ డిఫాల్ట్ సైజు 6.4 × 4.8 అంగుళాలు, గడులు ఎన్ని పెట్టినా అది పెరగదు. 3 × 3 పెడితే ఒక్కో గడికి దక్కే వెడల్పు ఒకటిన్నర అంగుళంలోపే. అక్షరాల సైజేమో పాయింట్లలో ఉంటుంది, అంగుళానికి 72 పాయింట్లు. డీపీఐ పెంచితే గడులూ అక్షరాలూ కలిసే పెద్దవవుతాయి. బొమ్మ స్పష్టంగా వస్తుంది, ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది. పెంచాల్సింది ఫిగ్‌సైజ్, అంటే ఫిగర్ సైజు.

అపోహ: గడుల మధ్య ఖాళీని సర్దే టైట్ లేఅవుట్ ఫంక్షన్‌ని ఒకసారి పిలిస్తే ఇక దిగుల్లేదు.

వాస్తవం: పిలిచినప్పుడు ఏమున్నాయో వాటినే అది లెక్కలోకి తీసుకుంటుంది. ఆ తర్వాత పెట్టిన టైటిల్ పక్క గడి మీదికి ఎక్కినా పట్టించుకోదు. ఫిగర్ తయారుచేసేటప్పుడే లేఅవుట్‌కి కన్‌స్ట్రెయిన్డ్ అని ఇస్తే, గీసిన ప్రతిసారీ లెక్క మళ్లీ వేసుకుంటుంది, కలర్‌బార్‌కీ (ఏ రంగు ఏ విలువో చూపే పట్టీకి) చోటిస్తుంది. దాంతోపాటు ఖాళీలను మనమే సర్దే సబ్‌ప్లాట్స్ అడ్జస్ట్ వాడకండి; వార్నింగ్ వస్తుంది, పని జరగదు.

అపోహ: షేర్ వై ఆప్షన్ పెట్టేది నిలువు అక్షం మీది అంకెలు పదే పదే కనబడకుండా ఉండటానికే.

వాస్తవం: అంకెలు తగ్గడం దాని వల్ల వచ్చే చిన్న లాభం. అసలు పని గడులన్నింటి స్కేలునూ ఒకటి చేయడం. ఒక గడిలో లక్షలు, ఇంకోదానిలో దశాంశాలు ఉంటే రెండోది చదును గీతలా కనబడుతుంది. కొలత ఒకటే అయినప్పుడు షేర్ చేయకపోవడం ఇంకా ప్రమాదం, చిన్న తేడా కొండంతగా కనబడుతుంది. వరుసకో కొలత ఉంటే ట్రూ బదులు రో అని ఇవ్వండి, ఏ వరుస స్కేలు ఆ వరుసకే ఉంటుంది.

అపోహ: గడులన్నీ ఒకే సైజులో ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. వెడల్పులు, ఎత్తులు ఏ నిష్పత్తిలో ఉండాలో చెప్పడానికి విడ్త్ రేషియోస్, హైట్ రేషియోస్ ఉన్నాయి. పైన ఒక వెడల్పాటి గడి, కింద రెండు చిన్నవి కావాలంటే 2020లో వచ్చిన 3.3 వెర్షన్ నుంచి సబ్‌ప్లాట్ మొజాయిక్ అనే ఫంక్షన్ ఉంది. పేర్లతోనే గడులను పిలవొచ్చు కాబట్టి ఇండెక్స్ నంబర్ల గొడవ ఉండదు.