మైనస్ 60 డిగ్రీల్లో పల్లెకు చేరిన టీకా

2015లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీలో ఎబోలా టీకా ట్రయల్ మొదలైంది. ఆ టీకాను మైనస్ 60 నుంచి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ మధ్య దాచాలి. మన ఇంటి ఫ్రీజర్ సుమారు మైనస్ 18 దగ్గరే ఆగిపోతుంది. రాజధాని కొనాక్రీలో అంత చలినిచ్చే ఫ్రీజర్లు పెట్టొచ్చు, కానీ టీకా వేయాల్సింది కరెంటు దిక్కులేని పల్లెల్లో. పైగా ఏ పల్లెకు వెళ్లాలో ముందుగా తెలియదు. ఎక్కడైనా ఒకరికి ఎబోలా అని తేలితే, ఆ మనిషితో మెలిగినవాళ్లనూ, వాళ్లతో మెలిగినవాళ్లనూ జాబితా రాసి ఒక గుంపుగా తీసుకునేవారు. లాటరీ పద్ధతిలో కొన్ని గుంపులకు వెంటనే, కొన్నిటికి 21 రోజుల తర్వాత టీకా వేసేవారు.

అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. పశువులకు సోకే ఒక వైరస్‌లో ఎబోలా పైపొర ప్రొటీన్ జన్యువును చేర్చి తయారుచేశారు. వేడి తగిలితే ఆ వైరస్ చచ్చిపోతుంది, ఇక సూది వేసినా ఫలితం ఉండదు. అంత కఠినమైన నియమానికి ఇంకో కారణం కూడా ఉంది. ట్రయల్ దశలోని మందు ఎంత వేడిని ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పే సమాచారం అప్పటికి తక్కువే ఉంటుంది. పరీక్షించి చూసిన చలిని దాటి ఎవరూ సాహసం చేయరు. ఫైజర్ కోవిడ్ టీకాకూ మొదట మైనస్ 70 ప్రాంతమే కావాలన్నారు. పరీక్షలు జరిగేకొద్దీ, 2021 మే నాటికి, కరిగించిన సీసాలను మామూలు ఫ్రిజ్‌లో నెలపాటు ఉంచొచ్చని తేలింది.

గినీలో దారి చూపింది ఆర్క్‌టెక్ అనే పెట్టె. పెద్ద థర్మాస్ ఫ్లాస్కు లాంటిది, కరెంటు అక్కర్లేదు. ఐస్ సున్నా డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. దాని బదులు చాలా తక్కువ ఉష్ణోగ్రతలో కరిగే మరో పదార్థాన్ని గడ్డకట్టించి లోపల పెట్టారు. అది కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటూ, అయిదు రోజుల దాకా టీకాను కాపాడేది.

చల్లగా ఉంచితే సరిపోదు, చల్లగానే ఉందని రుజువూ కావాలి. అందుకే ట్రయల్ మందుల పెట్టెల్లో డేటా లాగర్ పెడతారు. అది నిమిషాల లెక్కన ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది. హద్దు దాటితే ఆసుపత్రివాళ్లు ఆ సీసాలను పారేయరు, వాడరు కూడా. విడిగా, సరైన చలిలోనే ఉంచి, రికార్డు పంపి, కంపెనీ నిర్ణయం కోసం ఆగుతారు. రోగి ఎదురుగా కూర్చుని ఉంటే ఆ కాసేపూ ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు. అయినా ఆగాల్సిందే. పాడైన డోసు వేశాక జబ్బు వస్తే, మందు పనిచేయలేదా, పెట్టె పనిచేయలేదా అన్నది ఎప్పటికీ తేలదు. మంచి మందును పనికిరాదని పక్కన పడేసే ప్రమాదం అక్కడే ఉంది. ఏది మందో ఏది ఉత్తుత్తి మందో ఎవరికీ తెలియకూడని ట్రయల్స్‌లో, చలి అక్కర్లేని ఆ ఉత్తుత్తి మందును కూడా అంతే జాగ్రత్తగా మోస్తారు.

అతి చలి కూడా కొన్నిటికి శత్రువే. హెపటైటిస్ బి టీకాలో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒక్కసారి గడ్డకడితే దాని రేణువులు ముద్దకట్టి, టీకా శక్తి తగ్గిపోతుంది. కరిగించినా పూర్వస్థితికి రాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలన్న నియమంలో ఆ కింది హద్దును మనం తరచూ తేలిగ్గా తీసుకుంటాం.

గినీ తుది ఫలితాలు 2016 డిసెంబరులో వచ్చాయి. టీకా వేసుకున్న 5,837 మందిలో, పది రోజులు గడిచాక ఒక్కరికీ ఎబోలా రాలేదు. 2018లో కాంగోలో ఎబోలా చెలరేగినప్పుడు, పూర్తి అనుమతి రాకముందే, రోగి చుట్టూ మెలిగినవాళ్లకు వేసే ఇదే పద్ధతిలో టీకాలు మొదలుపెట్టారు. 2020 నాటికి 3 లక్షల మందికి పైగా వేయించుకున్నారు. 2019 చివర్లో ఐరోపా, అమెరికా అనుమతులిచ్చాయి. నిల్వకు అదే మైనస్ 60 నియమం కొనసాగింది. కాకపోతే కరిగించాక 2 నుంచి 8 డిగ్రీల్లో 14 రోజులు ఉంచొచ్చు.