భోగి తలంట్లు, బాత్రూం తూము

చిట్టీ, బుజ్జీ, మిగతా కోతి మూకకీ,

మీరంతా హైదరాబాదు క్షేమంగా చేరారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది గానీ, బాత్రూం మాత్రం నిండిపోయింది. ముక్కనుమ మర్నాడు నేను స్నానానికి వెళ్ళి నాలుగు చెంబులు పోసుకునేసరికి నీళ్ళు పాదాలు దాటి మడమల మీదికొచ్చాయి. తూములోంచి ఓ బుడగ "బుళుక్" మంది, అంతే. స్నానం ముగించి, బట్టలు మార్చుకుని, తూము సంగతి చూశాను. ఏం చేశానో మీకు రాస్తున్నా. మీ ఫ్లాట్‌లోనూ షవర్ కింద నీళ్ళు నిలుస్తున్నాయని చిట్టి చెప్పింది కదా.

నిలిచిన నీళ్ళని మగ్గుతో బకెట్‌లోకి తోడేశాను. నీళ్ళుండగా లోపల ఏముందో కనపడదు. తర్వాత తూము మీది జాలీ ఎత్తాలి. మీ జాలీకి స్క్రూలుంటే స్క్రూడ్రైవర్ కావాలి, మనది పాతది, అంచు కింద ఏదైనా దూర్చి లేపితే వచ్చేస్తుంది. మీ మావయ్య చిన్నప్పుడు ఇదే పనికి అట్లకాడ పట్టుకెళ్ళి నా చేత తిట్లు తిన్నాడు. వంటింటి సామాను జోలికి మాత్రం పోవద్దు.

జాలీ తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు జిగురు. దాని కింద వేలు పెడితే మెత్తగా, తాడులా తగిలింది. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, ఇనుప తీగ కొస కొక్కెంలా వంచి, లోపలికి దింపి మెల్లిగా తిప్పి లాగాను. లాగాలి, పొడవకూడదు. పొడిస్తే అడ్డం కాస్తా ఇంకో రెండడుగులు లోపలికెళ్ళి కూర్చుంటుంది, అప్పుడది నీ చేతికీ రాదు, నా చేతికీ రాదు.

వచ్చింది తల్లీ, జానెడు పొడుగు జడ! జుట్టంతా మెలికలు తిరిగి, దాన్ని పట్టుకుని తెల్లటి జిడ్డు, పసుప్పచ్చగా సున్నిపిండి ముద్దలు, కుంకుడుకాయ తొక్కలు. రెండు బొట్టుబిళ్ళలు, చిట్టి ఎర్ర క్లిప్పు. షాంపూ ప్యాకెట్లకి పళ్ళతో కొరికి పారేసిన మూల ముక్కలు ఆరు. అవి ఎవరివో నేనడగను, మీకే తెలుసు.

మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు ఊడటం మామూలే. పండక్కి పదకొండు మందిమి, నాలుగు రోజులు. లెక్క మీరే వేసుకోండి. ఉత్త వెంట్రుకలైతే చాలామటుకు నీళ్ళతో కొట్టుకుపోయేవే. వాటిని పట్టి ఉంచేది ఆ తెల్ల జిడ్డు. మన బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు సరిగ్గా నురగ రాదని మీరు గోల పెడతారు కదా. ఆ నీళ్ళలోని సున్నం సబ్బుతో కలిసి, నీళ్ళలో కరగని ముద్దగా మారుతుంది. బకెట్ అంచున తెల్లగా పట్టేదీ అదే. కుంకుడు రసానికి ఈ జబ్బు లేదు, ఎలాంటి నీళ్ళలోనైనా నురగొస్తుంది, సున్నంతో కలిసి గడ్డకట్టదు. కాకపోతే వడకట్టకుండా పిప్పితో సహా నెత్తిన పోస్తే తూములో పడేది ఆ పిప్పే. భోగినాడు హడావిడిలో వడకట్టలేదు, ఆ తప్పు నాదే. సున్నిపిండి కూడా అంతే. నువ్వులనూనెతో కలిసిన పిండి పైపులో పేస్టులా అతుక్కుంటుంది.

చెత్త తీశాక లోపల ఇంకా నీళ్ళు కనిపించాయి. ఇంకా మూసుకుపోయిందని బుజ్జిగాడైతే కంగారుపడేవాడు. ఆ నీళ్ళు ఉండాల్సినవే. జాలీ కింద పైపు వంపు తిరిగి ఉంటుంది, దాన్ని ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. ఆ వంపులో రెండంగుళాల మేర నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉండి, అవతల మురుగు కంపునీ బొద్దింకల్నీ ఇటు రాకుండా ఆపుతాయి. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ అనే ఆయన 1775లో మరుగుదొడ్డికి ఇలాంటి వంపు పైపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ అంతకన్నా చవకైన కాపలావాడు దొరకలేదు. వేసవిలో నెల్లాళ్ళు ఇల్లు తాళం పెట్టి వస్తే బాత్రూం కంపు కొడుతుంది చూశారా, ఆ నీళ్ళు ఆరిపోయే అలా అవుతుంది. ఓ చెంబుడు నీళ్ళు పోస్తే సరి.

తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు వేసి, స్నానానికి పెట్టుకునేపాటి వేడినీళ్ళు అర బకెట్ పోశాను. మరిగే నీళ్ళు పోయకండి. ఇప్పుడన్నీ పీవీసీ పైపులు, మరీ వేడికి మెత్తబడి అతుకులు వదులుతాయి. అప్పటికీ నెమ్మదిగా పోతుంటే రబ్బరు పంపు ఉంది. తూము మీద బోర్లించి, రబ్బరు మునిగేలా నీళ్ళు పోసి, పది పదిహేనుసార్లు గట్టిగా నొక్కి లాగాలి. మీ బాత్రూంలో వాష్‌బేసిన్ నీళ్ళు కూడా ఆ తూములోకే వస్తుంటే, బేసిన్ కన్నాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి. లేకపోతే నువ్విక్కడ నొక్కిన గాలి అక్కడ ఈలవేస్తూ పోతుంది, అడ్డం కదలదు.

మీ మావయ్య వీడియో పంపాడు, వంటసోడా, వెనిగర్ పోయమని. పొంగు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని ఉప్పునీళ్ళలాంటివి మిగులుతాయి, జుట్టు జుట్టులాగే ఉంటుంది.

ఇక యాసిడ్. దీని గురించి కాస్త కోపంగానే రాస్తున్నా. బాత్రూం కడిగే యాసిడ్ జుట్టుని కరిగించదు, టైల్స్ మధ్య సిమెంటుని తినేస్తుంది. చాలా ఏళ్ళ కిందట నేను పొద్దున బ్లీచింగ్ పౌడర్ చల్లి, అది మర్చిపోయి, దాని మీదే యాసిడ్ పోశాను. క్లోరిన్ గాలి లేచింది. కళ్ళు మండి, దగ్గుతూ బయటికి పరిగెత్తి అరుగు మీద కూలబడ్డాను, ఆ రాత్రంతా గొంతు మంటే. తూముల్లో వేసే పొడిలో ఉండేది కాస్టిక్ సోడా. అది జుట్టుని కరిగిస్తుంది నిజమే, చర్మాన్నీ కరిగిస్తుంది. పైగా పని చెయ్యకపోతే ఆ ఘాటు నీళ్ళు అక్కడే నిలిచి ఉంటాయి, తెలియక చెయ్యి పెట్టిన ప్లంబరు చెయ్యి కాలుతుంది. ఒకవేళ నాన్న వేస్తే, ప్లంబరుకి ముందే చెప్పమనండి. మీరు మాత్రం ఆ సీసాలూ డబ్బాలూ ముట్టుకోవద్దు.

ఒక్క తూమే కాదు, వంటింటి సింకూ మరుగుదొడ్డీ కూడా బుడబుడమంటుంటే అడ్డం బయట చాంబర్‌లో, అంటే ఇంటి మురుగు పైపులన్నీ కలిసే గుంటలో ఉన్నట్టు. అది మన తీగకి లొంగదు, మనిషిని పిలవాల్సిందే.

జాలీ కడిగి బిగించాక బకెట్ నిండా నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించాను. చిన్న సుడి తిరిగి "గుటక్" మని మింగేసింది. నాన్న ఈసారి బజారుకెళ్ళినప్పుడు జాలీ మీద పెట్టే చిన్న స్టీలు జల్లెడ తెమ్మనండి, జుట్టు పైనే ఆగిపోతుంది, ఆదివారం ఆదివారం తీసి చెత్తబుట్టలో వేస్తే చాలు.

చిట్టీ, నీ క్లిప్పు సబ్బుతో రెండుసార్లు కడిగి కిటికీలో ఎండబెట్టాను. ఎరుపు కొంచెం వెలిసింది. వేసవి సెలవుల్లో వచ్చి తీసుకో.

మీ అమ్మమ్మ