రంగు లేని అచ్చు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

క్వేకర్ల మౌనారాధనను జపాను చెక్క అచ్చులో చూపడం ఎలా అని అడిగారు కదా, ముందు ఆ మౌనం గురించి చెబుతాను. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో మొదలైన ఈ క్రైస్తవ సంప్రదాయంలో పూజారీ పాటా లేకుండా అందరూ సాదా గదిలో దాదాపు గంటసేపు కలిసి కూర్చుంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట పుడితే లేచి చెబుతారు, పుట్టకపోతే ఆ గంట అలాగే గడిచిపోతుంది. బొమ్మలను ఆడంబరమని ఒకప్పుడు దూరం పెట్టినవారు కూడా వీరే! 1887లో వీరు టోక్యోలో బాలికల పాఠశాల స్థాపించారు; నితోబే ఇనాజో వంటి జపాను విద్వాంసులు క్వేకర్లయ్యారు.

ఇక అచ్చు సంగతి. మన పెడనలో చెక్క అచ్చును గుడ్డ మీద అద్దుతారు. జపానులో చెర్రీ పలక మీద నీటిరంగునూ బియ్యపు జిగురునూ కుంచెతో పూసి, తడి ఆరని కాగితాన్ని దాని మీద పరచి, వెదురు పొర చుట్టిన బారెన్ అనే గుండ్రటి సాధనంతో వెనకనుంచి రుద్దుతారు. రంగుకొక పలక కావాలి కనుక, కాగితం ప్రతిసారీ ఒకే చోట కూర్చునేలా పలక అంచున కెంతో అనే గుర్తులు చెక్కుతారు.

ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చినది కరజురి, అంటే ఉత్త అచ్చు. పలకకు రంగేమీ పూయకుండా గట్టిగా రుద్దితే చెక్కడంలోని ఎత్తుపల్లాలు మాత్రమే కాగితంలో దిగుతాయి. 18వ శతాబ్దంలో సుజుకి హరునోబు అనే జపాను చిత్రకారుడు మంచునూ బట్టల నేతనూ ఇలా చూపించారు.

పూర్వం చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు, ప్రచురణకర్త వేరువేరు. 1904లో యమమోతో కనాయే అనే జపాను చిత్రకారుడు తన ‘జాలరి’ అచ్చు చిత్రాన్ని తానే గీసి, చెక్కి, అచ్చు వేశారు. మధ్యవర్తి లేని ఆ పద్ధతి క్వేకర్లను గుర్తుచేస్తుంది గాని, వారి మౌనం ఒంటరిది కాదు. అందుచేత నలుగురు చేతులు కలిపిన పాత కార్యశాలే దానికి దగ్గరని నా అభిప్రాయం.

నేనైతే బెంచీలను పలుచని బూడిదరంగులో వేసి, కూర్చున్న మనుషులను ఉత్త అచ్చుగా వదులుతాను. ఫోనులో తీసిన ఫోటోలో వాళ్లు దాదాపు కనబడరు. కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగు పక్కనుంచి పడేలా కొంచెం వాల్చి పట్టుకోవాలి.

ఇట్లు,
మీ తాతయ్య