ఏ గడిలో టిక్కు పెట్టాలి?

2019 అసెంబ్లీ ఎన్నికల్లో గుంటూరు జిల్లా మంగళగిరి మీదే అందరి కళ్లూ. అప్పటి మంత్రి నారా లోకేశ్ పోటీ చేసిన సీటు అది. అక్కడే ఇండిపెండెంట్‌గా నిలబడ్డ ట్రాన్స్‌జెండర్ మహిళ తమన్నా సింహాద్రి గురించి మాట్లాడుకున్నవాళ్లు తక్కువ. ఓడిపోయినా ఆమె ఆగలేదు. 2024లో పిఠాపురంలో పవన్ కల్యాణ్‌పై భారత చైతన్య యువజన పార్టీ టికెట్ మీద నిలబడ్డారు. పేరు కోసం పోటీ అని కొట్టిపారేసేవాళ్లు ఆ నామినేషన్ కాగితం దాకా రావడానికి ఎన్నేళ్లు పట్టిందో ఒకసారి చూడాలి.

ప్రభుత్వం హిజ్రాల పేర్లు మొదట రాసుకున్నది ఓటు కోసం కాదు, నిఘా కోసం. 1871లో బ్రిటిష్‌వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టంతో ఉత్తరాదిన ఆ పని మొదలుపెట్టారు. 1919లో నిజాం సంస్థానం కూడా అలాంటి చట్టమే చేసింది. చీర కట్టి వీధిలోకి వస్తే వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో! ఓటరు జాబితాలో ‘ఇతరులు’ అన్న గడి 2009లో గానీ రాలేదు.

గెలిచినా పదవి నిలుస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో హిజ్రా అయిన కమలా జాన్‌ను జనం మేయర్‌గా గెలిపించారు. అది మహిళలకు రిజర్వైన సీటు, ఆమె చట్టం దృష్టిలో మగవాడేనంటూ కోర్టు ఎన్నికను రద్దు చేసింది. ఓటేసినవాళ్లకు లేని సందేహం కోర్టుకు వచ్చింది. నాకు ఇప్పటికీ మింగుడుపడని తీర్పు అది.

2014లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎవరి జెండర్‌ను వాళ్లే చెప్పుకోవచ్చంది. మరుసటి ఏడాదే ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్‌లో ట్రాన్స్‌జెండర్ మహిళ మధు కిన్నర్ మేయర్ అయ్యారు. కానీ 2019 చట్టం ఆ మాటను మళ్లీ కలెక్టరు సర్టిఫికెట్‌కు ముడిపెట్టింది.

మన ఆంధ్రప్రదేశ్ 2017లో ట్రాన్స్‌జెండర్ పాలసీ తెచ్చింది. పింఛను మొదలైంది, 2024లో అది 4,000 రూపాయలకు చేరింది. ఆ డబ్బు అవసరమే, కాదనను. అయితే పింఛను తీసుకునే చేతికి పాలనలో చోటేదీ? విజయవాడ కార్పొరేషన్‌లో 64 డివిజన్లున్నాయి. 2021 ఎన్నికల్లో వాటిలో ట్రాన్స్‌జెండర్లకంటూ ఒక్కటీ కేటాయించలేదు.