గంజాం తీరం: ఓడ కొలిచిన లోతు, కొలవని ఇసుక

ఒడిశాలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్యా నది ముఖద్వారం దాకా చేపల పల్లెల్లో తెలుగు ఎక్కువగా వినిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వెళ్లింది. భాష మాత్రం ఇళ్లలో అలాగే ఉంది. అలాంటి తెలుగు ఊరే పొడంపేట. అందులో చాలా భాగం సముద్రంలో కలిసిపోయి, జనం లోపలికి తరలిపోయారు. సర్కారు ఓడలు ఇన్నేళ్లుగా సముద్రాన్ని కొలుస్తుంటే ఈ కోత సంగతి ముందే ఎందుకు తెలియలేదని అక్కడివాళ్లు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

జవాబు కోసం వెనక్కి వెళ్లాలి. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే శాఖ పెట్టారు. 1881లో దానికి ఇన్వెస్టిగేటర్ అనే ఆవిరి ఓడ వచ్చింది. సముద్రం నెమ్మదించిన నెలల్లో పడవలు దింపి, తాడుకు సీసం గుండు కట్టి లోతు చూసేవాళ్లు. వానాకాలం ఒడ్డున కూర్చుని పటాలు గీసేవాళ్లు. ఆ పటాలు ఓడల క్షేమం కోసం. అప్పట్లో గోపాల్‌పూర్‌లో రేవు గోడ లేదు. ఓడ దూరంగా లంగరేస్తే సరుకునీ, రంగూన్ వెళ్లే కూలీలనీ మసూలా పడవల్లో, అంటే పలకలను తాళ్లతో కుట్టిన పడవల్లో, అలలు దాటించింది మన నోలియాలే, అంటే ఇక్కడి తెలుగు మత్స్యకారులే. కెప్టెన్‌కి లంగరేసే చోటు తెలిస్తే చాలు. అలలు విరిగే పట్టీ తెడ్డు వేసేవాళ్ల అనుభవానికే మిగిలింది.

ఇప్పుడు తాడు బదులు ధ్వని తరంగాలు. ఓడ దగ్గరదగ్గర గీతల్లో అటూఇటూ తిరుగుతుంది, ఒడ్డున ఆటుపోట్లు రాసుకుంటారు, లోతు తక్కువ చోట చిన్న బోట్లు దిగుతాయి. 1981లో నౌకాదళంలో చేరిన సర్వే ఓడ సంధాయక్ 2021 దాకా ఈ పని చేసింది. అదే పేరుతో కొత్త ఓడ 2024 ఫిబ్రవరి 3న విశాఖలో నౌకాదళంలో చేరింది. అయినా అలలు విరిగే చోట బోటు నిలవడం నేటికీ కష్టమే.

పొడంపేట కథ నడిచింది సరిగ్గా ఆ చోటే. ఇక్కడ ఇసుక ఏడాదిలో ఎక్కువగా ఉత్తరానికి సాగుతుంది. మధ్యలో రాతిగోడ కడితే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు తరుగుతుంది. ఇవి చాలవన్నట్టు రుషికుల్యా ముఖద్వారం జరుగుతుంటుంది, 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్ లాంటి తుఫాన్లు వస్తాయి. ఏది ఎంత తిన్నదో తేలాలంటే అదే ఒడ్డును ఏటా, ఋతువు ఋతువుకీ కొలవాలి. ఆ కొలతలు ఒడియాలో, తెలుగులో పల్లె రేవుల దగ్గర బోర్డు మీద పెట్టాలి. ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలో తేల్చుకోవాల్సింది అక్కడుండేవాళ్లు.